‘ఈ బోర్డుకి రాదమ్మా’ అన్నారు, వచ్చింది

నిన్న రాత్రి నా సిస్టమ్ కొత్త ప్రాసెసర్‌తో ఆన్ అయింది. మదర్‌బోర్డు పాతదే, ర్యామ్ పాతదే, కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ కూడా పాతదే. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. పాత డెస్క్‌టాప్‌కి ప్రాసెసర్ మార్చుకోవాలనుకునే ఎవరికైనా ఇది పనికొస్తుంది. షాపులో మాట చెల్లని ఆడవాళ్ళకి ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

పెద వాల్తేరులో మా ఇంట్లోనే కూర్చుని పెళ్ళి వీడియోలు కట్ చేస్తాను. గాజువాక నుంచి మధురవాడ దాకా ఉన్న ఫొటోగ్రాఫర్లు హార్డ్ డిస్కులు తెచ్చి ఇస్తారు. ముహూర్తాల సీజన్‌లో ఈ సిస్టమ్ ఒక్క పూట ఆగినా నా నోటిదగ్గర కూడు ఆగినట్టే. అందులో ఉన్నది రైజెన్ 3 2200జి. 2018లో వచ్చిన ప్రాసెసర్, నాలుగు కోర్లు (పని చేసే భాగాలు), నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). మామూలు హెచ్‌డీ ఫుటేజ్‌తో ఇన్నాళ్ళూ బాగానే నెట్టుకొచ్చాను. ఇప్పుడు అందరూ 4కేలోనే తీస్తున్నారు. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి టైమ్‌లైన్ బిగుసుకుపోయేది. దానికి తోడు విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో 2200జి లేదు.

ఏది కొనాలో తేల్చుకోవడం తేలికే అయింది. నా బోర్డు బి450, దాని సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఏఎం4. అదే సాకెట్‌లో కూర్చునే రైజెన్ 5 5600జికి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని నాలాంటి వాళ్ళు చివర ఉన్న ‘జి’ని వదలకూడదు. ఉత్త 5600 అంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకుండా బోర్డు వెనక హెచ్‌డీఎంఐకి కేబుల్ పెడితే తెర మీద ఏమీ రాదు. పాతదీ 65 వాట్లే, 5600జి కూడా 65 వాట్లే, కాబట్టి ఎస్ఎంపీఎస్ మార్చే అవసరం లేదు. ర్యామ్ డీడీఆర్4 చాలు, నా దగ్గరున్న రెండు ఎనిమిది జీబీ స్టిక్కులే సరిపోయాయి.

బోర్డు పేరు తెలుసుకోవడానికి కేబినెట్ విప్పక్కర్లేదు. విండోస్ సెర్చ్‌లో ఎంఎస్ఇన్ఫో32 అని కొడితే బోర్డు మోడల్, బయోస్ (ఆన్ చేయగానే బోర్డు నడిపే మొదటి ప్రోగ్రామ్) వెర్షన్ రెండూ చూపిస్తుంది. ఆ మోడల్ పేరుతో బోర్డు తయారీదారు సైట్‌లోకి వెళ్ళి సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరవాలి. ప్రతి ప్రాసెసర్ ఎదురుగా, ఏ బయోస్ వెర్షన్ నుంచి అది పనిచేస్తుందో రాసి ఉంటుంది. నా బోర్డు పేజీలో 5600జి ఉంది, నా బయోస్ మాత్రం అంతకంటే బాగా పాతది. ఒకే మోడల్‌లో రివిజన్లు వేరు వేరుగా ఉంటే, బోర్డు మీద అచ్చేసిన రివిజన్ నంబరు కూడా కలవాలి.

సాకెట్ పేరు కలిసింది కదా అని ఆగిపోవద్దు. ఇంటెల్‌లో చూడండి: ఆరో, ఏడో తరం ప్రాసెసర్లకీ, ఎనిమిదో, తొమ్మిదో తరం వాటికీ సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151 అనే ఉంటుంది. అయినా ఎనిమిదో తరం ప్రాసెసర్‌కి 300 సిరీస్ బోర్డే కావాలి, ఏడో తరం నాటి బోర్డులో పెడితే నడవదు. ఆఖరి మాట సపోర్ట్ లిస్ట్‌దే.

ఇంతవరకూ ఇంట్లో కాఫీ తాగుతూ చేసుకున్న పని. కొనడమూ బిగించడమూ ఒకచోటే అయితే వారంటీకి ఇబ్బంది ఉండదనుకుని ద్వారకానగర్‌లో ఒక షాపుకి వెళ్ళాం. పేరు రాయను. మా మరిది కేబినెట్ మోసుకొచ్చాడు.

నేను అడుగుతుంటే ఆ ఓనరు జవాబు మా మరిదికి చెప్పడం మొదలుపెట్టాడు. “సార్, ఇది పాత బోర్డు సార్, దీనికి ఐదువేల సిరీస్ రాదు.” మరిది డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాడు. “నాకేం తెలీదండి, సిస్టమ్ మా వదినది, ఆవిడకే తెలుసు” అన్నాడు. అయినా ఆయన చూపు నా వైపు తిరగలేదు. ఫోన్‌లో సపోర్ట్ లిస్ట్ తెరిచి, వేలు పెట్టి చూపించాను. “నెట్‌లో సవాలక్ష రాస్తారమ్మా. మేం రోజూ చేసే పని ఇది” అన్నాడు. తయారీదారు సొంత సైటండీ అన్నాను. “ఈ సబ్జెక్టు మీకు అర్థం కాదులెండి. ఇంట్లో సార్ ఉంటే ఒకసారి మాట్లాడించండి” అన్నాడు. కౌంటర్ దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళిద్దరు నవ్వారు.

తర్వాత ఒక ఎస్టిమేట్ రాసి మరిది చేతిలో పెట్టాడు. కొత్త ఏఎం5 (ఏఎం4 తర్వాతి సాకెట్) బోర్డు, కొత్త ప్రాసెసర్, కొత్త ఎస్ఎంపీఎస్, ఏఎం5కి డీడీఆర్4 పనికిరాదు కాబట్టి డీడీఆర్5 ర్యామ్. అంతా కలిపి రూ.38 వేలు. నా రెండు స్టిక్కులూ తీసుకుని కొంత తగ్గిస్తానన్నాడు. వద్దన్నాను. “అయితే పెట్టి చూపిస్తా, మీరే చూసుకోండి” అని లోపలున్న కుర్రాణ్ణి పిలిచాడు.

ఆ కుర్రాడు క్లిప్ తీసి, ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్‌ని ఒక్క గుంజు గుంజాడు. కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చింది. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331 పిన్నులు, వెంట్రుకల్లాంటివి. వేడి దాటించడానికి రెంటి మధ్యా రాసే థర్మల్ పేస్ట్ ఏళ్ళ తరబడి ఎండిపోయి కూలర్‌ని ప్రాసెసర్‌కి అతికించేస్తుంది. సాకెట్ పక్కన లివర్ బిగించి ఉన్నా ఆ గుంజుడికి ఆగదు. అందుకే ముందు సిస్టమ్‌ని కాసేపు నడిపి, వేడెక్కాక ఆఫ్ చేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి, పట్టు వదిలాకే పైకి తీయాలి. రోజూ చేసే పని అన్నవాళ్ళ దగ్గర ఆ గుంజుడు చూశాను.

తర్వాత తన దగ్గరున్న ప్రాసెసర్ ఒకటి పెట్టాడు. దాని మీద 5600 అని ఉంది, జి లేదు. బయోస్ నా పాతదే. కేబుల్ బోర్డు హెచ్‌డీఎంఐకే. తెర నల్లగా ఉండిపోయింది. “చూశారా సార్?” అన్నాడు ఓనరు. అందులో గ్రాఫిక్స్ లేదండీ, పైగా బయోస్ పాతది, ఈ రెంటిలో ఏ ఒక్కటి చాలు డిస్‌ప్లే రాకపోవడానికి, అని చెప్పాను. “అన్నీ ఒకటేనమ్మా, జి ఉన్నా లేకపోయినా” అన్నాడు. ప్రాసెసర్లు అమ్మే మనిషి అన్న మాట ఇది.

సరే, నా పాతది నాకు బిగించి ఇచ్చేయండన్నాను. కుర్రాడు పెడుతుంటే అది సాకెట్‌లోకి దిగలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నేను చేతిలోకి తీసుకుని వెలుతురుకి అడ్డంగా పట్టి చూస్తే ఒక మూల పిన్నులు వాలిపోయి ఉన్నాయి. “ఇలాగే తెచ్చారమ్మా” అన్నాడు ఓనరు. పొద్దున్నే ఆ సిస్టమ్ మీద అనకాపల్లి పెళ్ళి ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసి బయల్దేరాను. పిన్నులు వంగిన ప్రాసెసర్ అసలు సాకెట్‌లోకే పోదు, ఎక్స్‌పోర్ట్ ఎలా చేస్తుంది? అడిగితే, “పాతదేగా, ఎందుకు దానికోసం ఇంత గోల” అన్నాడు. చెకింగ్ చార్జ్ అని రూ.500 కూడా తీసుకున్నాడు. మరిది తగువు వద్దని ఇచ్చేశాడు. నేనైతే ఇచ్చేదాన్ని కాదు.

ఆ పాత ప్రాసెసర్ నాకెందుకు ప్రాణమో ఆయన తెలుసుకోలేదు. కొత్త ప్రాసెసర్‌ని పాత బయోస్ గుర్తుపట్టదు. పాత ప్రాసెసర్‌తో సిస్టమ్ ఆన్ చేసి, ముందు బయోస్ అప్‌డేట్ చేసి, తర్వాతే కొత్తది పెట్టాలి. కొన్ని బోర్డులకి ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది, నా బోర్డుకి లేదు. అంటే పాతది చచ్చిపోతే నా బోర్డు ఉండీ లేనట్టే.

జగదాంబ జంక్షన్ దగ్గర మొబైల్ బోర్డులు రిపేర్ చేసే కుర్రాడొకడున్నాడు. మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి, “ఏటమ్మా ఇలగ వంచీసారు” అన్నాడు. “విరగలేదు, వొంగాయంతే. అవుద్ది, కంగారు పడకండి.” సన్న ట్వీజర్‌తో ఒక్కొక్క పిన్నూ వరసకి తెచ్చాడు. ఒక్కసారే లాగితే విరిగిపోతుందని కొంచెం కొంచెంగా లేపాడు. నాతో మాట్లాడేటప్పుడు నా మొహం చూసి మాట్లాడాడు. డబ్బులు అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాను.

ఇంటికొచ్చి ప్రాసెసర్ సాకెట్‌లో పెడితే దాని బరువుకే దిగిపోయింది. అలాగే దిగాలి, వేలితో నొక్కే పనే ఉండకూడదు. సిస్టమ్ లేచింది. ఆ సౌండ్ విన్నాక గానీ నాకు అన్నం దిగలేదు.

5600జిని వేరే షాపులో సీల్ ఉన్న బాక్సులో, జీఎస్టీ బిల్లుతో కొన్నాను. కూలర్ బాక్సులోనే వచ్చింది, దాని అడుగున పేస్ట్ ముందే రాసి ఉంది.

బయోస్ నేనే ఎక్కించాను. ఫైల్ దింపుకుని, ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి, బయోస్ మెనూలోంచే అప్‌డేట్ ఇచ్చాను. మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే, కాబట్టి యూపీఎస్ మీదే చేయండి. పేజీలో చిన్న అక్షరాల నోట్ తప్పక చదవండి. బాగా పాత బయోస్ నుంచి నేరుగా కొత్తదానికి దూకనివ్వని బోర్డులున్నాయి, మధ్యలో ఇంకో వెర్షన్ వేసి రావాలి. చిప్‌లో చోటు చాలక, కొత్త బయోస్‌లో మరీ పాత ప్రాసెసర్లకి సపోర్ట్ తీసేసిన బోర్డులూ ఉన్నాయి. డ్రైవ్‌కి బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే ముందు దాన్ని సస్పెండ్ చేసి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. లేకపోతే ప్రాసెసర్ మారాక విండోస్ ఆ కీ అడుగుతుంది.

బిగించడం పది నిమిషాల పని. ప్రాసెసర్ మూల బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణంతో కలిపాను, లివర్ దించాను. మా ఇంటికి సముద్రం దగ్గర, ఉప్పుగాలికి కేబినెట్ స్క్రూలన్నీ తుప్పు పట్టాయి. ప్రాసెసర్ కంటే వాటితోనే ఎక్కువసేపు పోరాడాను.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కాసేపు నల్లగానే ఉంటుంది, కంగారుపడి స్విచ్ ఆపొద్దు, ర్యామ్‌ని సరిచూసుకుంటోందన్నమాట. తర్వాత కొత్త సీపీయూ పెట్టారు, ఎఫ్‌టీపీఎం (అలాంటి తాళాల కీలు దాచే భాగం) రీసెట్ చేయాలా అని అడుగుతుంది. బిట్‌లాకర్ సంగతి ముందే చూసుకున్నాను కాబట్టి వై నొక్కాను. విండోస్ వచ్చింది. టాస్క్ మేనేజర్ తెరిచి పన్నెండు గళ్ళూ లెక్కపెట్టాను.

ఇవాళ పొద్దున్న విజయనగరం పెళ్ళి తెరిచాను. రెండు కెమెరాల 4కే ఫుటేజ్ తలంబ్రాల దగ్గర కూడా ఆగకుండా నడిచింది. విండోస్ 11 ఈ ఆదివారం వేస్తాను. పాత 2200జిని మా మరిది కొడుక్కి ఇస్తున్నాను, వాడి కోసం వాడేసిన ఏఎం4 బోర్డు ఒకటి వెతుకుతున్నాం. ఎవరైనా అమ్ముతుంటే ముందు మోడల్ పేరు, రివిజన్, బయోస్ వెర్షన్ చెప్పండి, ధర తర్వాత మాట్లాడుకుందాం.