ఎల్లో లైన్‌ మీద ఢిల్లీ

ఢిల్లీ వెళ్లిన ప్రతిసారీ ఏదో ఆఫీసు పనే. ఈసారి పని ఒకరోజు ముందే తెమిలింది. మెట్రో ఎల్లో లైన్ ఎక్కి, పాత ఢిల్లీ నుంచి కుతుబ్ మీనార్ దాకా దిగుతూ ఎక్కుతూ పోదామనుకున్నాను.

మొదట చాందినీ చౌక్. షాజహాన్ ఆగ్రాను వదిలి 1639లో మొదలుపెట్టిన షాజహానాబాద్ ఇది. బజారు వేయించింది ఆయన కూతురు జహనారా. అప్పట్లో వీధి మధ్యన కాలువ పారేదట, నాకు మాత్రం రిక్షాలే కనిపించాయి. పరాఠే వాలీ గలీలో నూనెలో దేవిన పరాఠాలు రెండు తిన్నాను. ఒకటి చాలు.

నాలుగు స్టేషన్లు దాటి ఐదోది సెంట్రల్ సెక్రటేరియట్. పైకొస్తే ఇంకో ఊరు! విశాలమైన రోడ్లు, చెట్లు, జనం తక్కువ. కలకత్తా నుంచి రాజధానిని మారుస్తున్నామని బ్రిటిష్ వాళ్లు 1911లో ప్రకటించి, 1931లో ప్రారంభించిన కొత్త ఢిల్లీ. ఇండియా గేట్ దగ్గర్నుంచి రాష్ట్రపతి భవన్ వైపు నడిచాను. గుమ్మటం బాగానే కనబడుతోంది. తీరా విజయ్ చౌక్ దగ్గరికొచ్చేసరికి మెల్లగా కుంగిపోయి గట్టు వెనక దాక్కుంది. రైసీనా గుట్ట ఎక్కే రోడ్డు వాలు వల్ల వచ్చిన తంటా. దీని మీదే భవనం కట్టిన లుట్యెన్స్‌కీ, పక్కనున్న సెక్రటేరియట్ కట్టిన బేకర్‌కీ చెడింది. అంత డబ్బు పోసి కట్టి, దగ్గరికెళ్తే కనబడకపోవడమేంటో!

మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ భోజనం. పక్క సీట్లో ఓ పంజాబీ కుటుంబం కందిపొడిలో నెయ్యి కలుపుకుంటున్న తీరు చూస్తే, మనకంటే వాళ్లకే అలవాటెక్కువ అనిపించింది.

కుతుబ్ మీనార్ స్టేషన్‌లో దిగాక ఆటో తప్పదు. డెబ్బై రెండు మీటర్లకు పైగా ఉన్న ఆ మీనార్ దగ్గర అందరూ ఫొటోలు దిగుతున్నారు. నేను ఎక్కువసేపు నిలబడింది కాస్త అవతలి అలాయీ మీనార్ దగ్గర. కుతుబ్‌కి రెట్టింపు ఎత్తు కట్టాలని అల్లావుద్దీన్ ఖిల్జీ మొదలుపెట్టాడు. 1316లో ఆయన పోయాడు, అది మొదటి అంతస్తుతోనే ఆగింది. గరుకు రాళ్ల మొండెంలా ఉంది. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు మాలిక్ కాఫూర్‌కి అప్పగించిన ఏనుగులూ, బంగారమూ 1310లో చేరింది ఈయన దగ్గరికే. అందులో ఎంత ఈ రాళ్లలో పడిందో అనుకుంటూ చుట్టూ రెండుసార్లు తిరిగాను. గార్డు ఈల వేశాడు, గేటు మూసే వేళయిందని.