షీటు తీయకుండా రోటవేటర్ వద్దు

మిరప కోతలయ్యాక మొక్కల చుట్టూ నేల మీద పరిచిన ప్లాస్టిక్ మల్చింగ్ షీటు మీదే, మట్టిని గుల్ల చేసే రోటవేటర్ తిప్పేస్తే ఆ ముక్కలు ఇక ఏరలేం. ఎండకు పెళుసెక్కి 5 మి.మీ. కన్నా చిన్నవైతే అదే మైక్రోప్లాస్టిక్. కావలి తీరం ఇసుక నేలల్లోనైతే మరీ సన్నవి నీటితో కిందికి దిగుతాయి.

చేలో ఉందో లేదో చూడాలంటే జల్లెడ పట్టిన ఎండుమట్టి 100 గ్రాములు, లీటరు నీళ్లు, 350 గ్రాముల ఉప్పు. ఉప్పునీళ్లు ముందే బట్టలో వడగట్టండి. గాజు సీసాలో మట్టి కలిపి రాత్రంతా కదపకండి. ప్లాస్టిక్ పైకి తేలుతుంది. అయితే తేలిందంతా ప్లాస్టిక్ కాదు, వేళ్ల పీచూ తేలుతుంది. కాల్చిన సూది ఆనిస్తే ముడుచుకుని కరిగేదే ప్లాస్టిక్. పీవీసీ పైపు ముక్కలు మాత్రం అడుక్కి పోతాయి, ఇందులో దొరకవు.

25 మైక్రాన్ల కన్నా పల్చటి షీటు లాగుతుంటేనే చిరుగుతుంది, 30ది కొనండి. ఒక తడి ఇచ్చి, అంచుల మట్టి పారతో లాగి, పొద్దున చల్లగా ఉన్నప్పుడే చుట్టాలి. గట్టున తగలబెట్టేవాళ్లకు ఏం చెప్తాం!