మాట తడబడినా పాఠం ఆగలేదు

మెదడు ఎడమవైపు రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడి నాకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి త్వరగానే స్వాధీనంలోకి వచ్చింది గాని మాట రాలేదు. ఎదుటివారు చెప్పేది అర్థమయ్యేది, నేను చెప్పవలసిందీ తెలిసేది, ఆ మాట మాత్రం నోటికి అందేది కాదు. వైద్యులు దీనిని అఫేసియా అన్నారు. మెదడులో ఎడమ ముందు భాగం దెబ్బతింటే మాట ఇలా పోతుందని ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1860లలోనే గుర్తించాడు.

నేను ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుణ్ణి. తొమ్మిది అనబోయి ఏడు అనేవాణ్ణి, కాగితం మీద మాత్రం 9 అనే వేసేవాణ్ణి. ఏడో ఎక్కం మొదటినుంచి అందుకుంటే గడగడా వచ్చేది. ఏడార్లు ఎంత అని విడిగా అడిగితే నోరు పెగిలేది కాదు. చిన్ననాటినుంచి నోట నానిన ఎక్కాలు, పద్యాలు, పాటలు ఈ జబ్బులో చాలామందికి మిగులుతాయట. స్పీచ్ థెరపిస్టు దానినే ఆసరా చేసుకుని, ఎక్కం మొదలుపెట్టి కావలసిన అంకె దగ్గర ఆగడం ఓపికగా నేర్పించారు.

సెలవు ముగిసే వేళకు, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవడం మేలని పై కార్యాలయంలో ఒకరు మా ఆవిడతో అన్నారు. మాట పోతే బుద్ధి కూడా పోయిందనుకోవడం నన్ను జబ్బుకన్నా ఎక్కువ బాధించింది. సర్వీసులో ఉండగా వైకల్యం కలిగిన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించకూడదని, హోదా తగ్గించకూడదని, ఆ పనికి తగకపోతే అదే వేతన స్కేలుతో మరో పోస్టు ఇవ్వాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20 చెబుతోంది. వాక్కు, భాషకు సంబంధించిన వైకల్యం కింద అఫేసియా పేరు కూడా ఆ చట్టంలో ఉంది. మా ఆవిడ ఆ ప్రతిని తీసుకువెళ్ళి చూపించాక విరమణ ప్రస్తావన మళ్ళీ రాలేదు.

మధ్యాహ్నానికి అలసట ముంచుకొస్తుందని ప్రధానోపాధ్యాయులు నాకు ఉదయం పీరియడ్లే ఇచ్చారు. పదో తరగతిలో త్రిభుజాల పాఠంలోని థేల్స్ సిద్ధాంతం చెబుతూ ‘సమాంతరం’ దగ్గర ఆగిపోయాను. పిల్లలు అందించబోతే చెయ్యెత్తి ఆపి, రెండు రేఖల మీదా ఆ సంగతి తెలిపే బాణం గుర్తులు వేశాను. గీస్తూ ఉండగా ఆ మాట దానంతటదే వచ్చింది. ఇప్పుడు ఉపపత్తిలో మెట్లు వాళ్ళు చదువుతారు, కారణం నేను చెబుతాను, ఆలస్యమైతే వేచి ఉంటారు. చెవిటివాణ్ణన్నట్టు గట్టిగా మాట్లాడే పెద్దలకన్నా ఆ పిల్లలకే నా అవసరం బాగా తెలిసింది.

ఫోనులో మాట్లాడటం ఇప్పటికీ కష్టమే. నేను మాట వెతుక్కునేలోగా లైను కట్టయిందనుకుని అవతలివారు పెట్టేస్తారు. అందుకే తల్లిదండ్రులను శనివారం బడికే రమ్మని డైరీలో రాసి పంపుతున్నాను.