తుమ్మ కొమ్మకి ఒక గార్డు, గుర్రపుడెక్కకి ఇంకోటి

మా బావ టెక్సాస్ నుంచి వచ్చినప్పుడల్లా ఇంట్లో అందరికీ చాక్లెట్లు తెస్తాడు, నాకు మాత్రం సీసం తెస్తాడు. అంటే బాస్ జిగ్‌లు, బాస్ అనే చేపని పట్టడానికి వాడే నకిలీ ఎరలు. సీసపు తల, దానికి లావుపాటి పెద్ద గాలం, చుట్టూ రబ్బరు కుచ్చు, గాలం మొనకి అడ్డంగా ప్లాస్టిక్ పోగుల కట్ట. ఆ కట్టనే వీడ్‌గార్డ్ అంటారు. జిగ్ చెత్తలో తగులుకోకుండా కాపాడేదీ అదే, చేప నోట్లో గాలం దిగకుండా అడ్డుపడేదీ అదే. దాని గురించే ఈ పోస్టు.

బాస్ మన చెరువుల చేప కాదు. బావ వెళ్ళేది డాలస్‌కి తూర్పున ఉన్న లేక్ ఫోర్క్ అనే రిజర్వాయర్‌కి. నీళ్ళు నింపినప్పుడు చెట్లు చాలావరకు అలాగే వదిలేశారు కాబట్టి నీళ్ళ అడుగున ఇప్పటికీ మోడులే. 1992లో అక్కడ దొరికిన 18.18 పౌండ్ల లార్జ్‌మౌత్ బాసే ఆ రాష్ట్ర రికార్డు, మన లెక్కలో ఎనిమిది కిలోల పైమాట. అలాంటి చోట వాడే జిగ్‌లని నేను సబ్బవరం, చోడవరం వైపు చెరువుల్లో కొర్రమీను కోసం వేస్తాను. కొర్రమీను పట్టేవాళ్ళంతా రబ్బరు కప్పలే వేస్తారు, నేనూ వేస్తాను. కానీ చేప కప్ప మీదకి లేచి, నీళ్ళు ఎగజిమ్మి, నోటికి అందుకోకుండా మళ్ళీ కిందికి పోతుంది చూడండి, అప్పుడు అదే కన్నంలోకి వెంటనే జిగ్ దింపితే చాలాసార్లు పట్టేస్తుంది. చలికాలం పొద్దున చేప పైకి రాకుండా మొరాయించినప్పుడు కూడా అంతే.

నాతో వచ్చే కుర్రాళ్ళు మొదట అడిగేది ఒకటే. "అన్నా, చెరువు నిండా గుర్రపుడెక్కే కదా, గట్టి గార్డున్న జిగ్ తెప్పిద్దామా?" వద్దురా అంటే నమ్మరు. పచ్చగా దట్టంగా కనిపిస్తే గట్టి గార్డు కావాలి అనుకోవడం సహజమే. నేను చూసేది వేరు. గాలం మొనకి తగిలే వాటిలో అన్నిటికన్నా గట్టిది ఏది? గుర్రపుడెక్క పైకి అడవిలా ఉంటుంది గానీ కింద ఉన్నవి మెత్తటి వేళ్ళు. మొన వాటిలో దిగినా ఒక్క గుంజుకి తెగిపోతాయి. అక్కడ ఇబ్బంది పెట్టేది దారం కట్టే కన్ను. అది తల పైన నిటారుగా ఉంటే చెత్తంతా దానికే చుట్టుకుంటుంది, ముక్కు చివర ఉండి తల కోసుగా ఉంటే జారిపోతుంది. ఆ చెత్తని కిందికి చీల్చుకుని పోవడానికి కావలసింది బరువు. మందంగా పేరుకున్న చోట 21 గ్రాములు, ఒక్కోసారి 28. పలచగా ఉంటే 10, 14 చాలు. గార్డు మధ్యరకం ఉంటే సరిపోతుంది. నాచు ఉన్న చోట గార్డు గట్టిగా, పోగులు ఎక్కువగా ఉంటే ఇంకా నష్టం, ఎందుకంటే నాచు ఆ పోగులకే పట్టుకుని జిగ్ మొత్తం పచ్చటి ముద్ద అవుతుంది.

తుమ్మ సంగతి అలా కాదు. మన చెరువుల లోపలి వైపు తుమ్మ చెట్లు బాగా ఉంటాయి. వానలకి చెరువు నిండితే కొమ్మలు మునుగుతాయి. కొర్రమీనుకి ఆ నీడ చాలా ఇష్టం. ఆ కర్ర గట్టిది, పైగా ముళ్ళు. మొన ఒక్క మిల్లీమీటరు దిగిందంటే జిగ్ పోయినట్టే. అక్కడ నేను నిజంగానే గట్టి గార్డు వాడతాను. తాటి మొద్దులకీ, పాత రాతి తూము పక్కన పడి ఉండే దుంగలకీ అదే. తామర తూళ్ళు, జమ్ము, తుంగ ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. తామర తూడు వంగుతుంది గానీ పీచు బలం, తొందరగా తెగదు. దానికి మధ్యరకం గార్డునే రెండు పాయలుగా విడదీసి, మొనకి చెరోపక్క వచ్చేలా పరిస్తే జారిపోతుంది.

కొండకర్ల ఆవ అనే సరస్సు గురించి అడిగేవాళ్ళున్నారు. తామరలు, తాటి దోనెలు, చూడ్డానికి కొర్రమీను స్వర్గంలా ఉంటుంది. అది పక్షుల చోటు, నేను అక్కడ గాలం వేయను, వేయమని ఎవరికీ చెప్పను. మామూలు ఊరి చెరువులైనా లీజు ఎవరిదో, సొసైటీ ఎవరిదో కనుక్కుని, అడిగి వేయండి. కొర్రమీను ఎర్రటి పిల్లల గుంపు నీళ్ళ మీద తేలుతూ కనిపిస్తే దాని దరిదాపుల్లో వేయకండి, కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి.

ఇప్పుడు గట్టిదనం లెక్క. నా ఉద్యోగం మెయింటెనెన్స్ వర్క్‌షాప్‌లో. కడ్డీలు ఎందుకు వంగుతాయి, ఎంతకి వంగుతాయి అన్నది నా రోజువారీ తలనొప్పి. వీడ్‌గార్డ్ పోగు కూడా ఒక చివర బిగించిన కడ్డీయే. దాని మందం అర మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది. కడ్డీని వంచడానికి కావలసిన బలం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే 0.5 మిల్లీమీటర్ల పోగు స్థానంలో 0.6 పోగు పెడితే కంటికి తేడా తెలియదు, కానీ గట్టిదనం రెట్టింపు దాటుతుంది. పోగుల సంఖ్య అంత ఘోరం కాదు. 36 పోగుల్లో 12 తీసేస్తే మూడో వంతు తగ్గుతుంది, అంతే. అందుకే ప్యాకెట్ మీద "హెవీ" అని రాసిందా "మీడియం" అని రాసిందా అని నేను చూడను. ఒకే 14 గ్రాముల జిగ్‌లు రెండు వేర్వేరు కంపెనీలవి మా ఇంట్లో పిండి తూచే డిజిటల్ త్రాసు మీద గార్డు కిందికి పెట్టి, మొన పళ్ళేనికి తాకేదాకా నొక్కి చూశాను. ఒకదాని అంకె రెండోదానికి రెట్టింపు కన్నా ఎక్కువ వచ్చింది. రెండింటి మీదా రాసింది ఒకటే మాట.

పొడవు విషయంలో చాలామందికి లెక్క తలకిందులు. గార్డు గట్టిగా ఉందని కత్తెరతో చివర కత్తిరిస్తారు. కడ్డీ పొట్టిదైతే ఇంకా బిగుస్తుంది, పొడవు తగ్గినకొద్దీ కావలసిన బలం మూడో ఘాతంలో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల గార్డుని 16 చేసి చివర నొక్కితే దాదాపు రెండింతల బలం కావాలి. మరి అమెరికాలో అందరూ కత్తిరిస్తారు కదా అంటే, వాళ్ళు కత్తిరించేది మెత్తబరచడానికి కాదు. గార్డు మొన దాటి మరీ బయటికి పొడుచుకొస్తే చేప నోరు దాన్ని చాలా దూరం వంచాలి, ఆ దూరం తగ్గించడానికి. మొనకి రెండు మూడు మిల్లీమీటర్లు పైన ఆగేలా ఉంచి అక్కడితో వదిలేయండి. మెత్తబడాలంటే పోగులు తీయాలి. పట్టకారుతో పీకితే జిగురు కదిలి కట్టంతా ఊడి వస్తుంది. నేను గోళ్ళు కత్తిరించే కట్టర్‌తో అడుగుదాకా పోనిచ్చి, రెండు పక్కల నుంచి సమానంగా కత్తిరిస్తాను. రెండు తీసి, నొక్కి చూసి, మళ్ళీ రెండు.

ఎంత దాకా తీయాలి? ఇక్కడే మీ రాడ్, దారం లెక్కలోకి వస్తాయి. బావ వాడేది ఏడున్నర అడుగుల హెవీ రాడ్, 65 పౌండ్ల బ్రెయిడ్, అంటే పెద్దగా సాగని అల్లిక దారం. పడవ చేప నెత్తిన ఉంటుంది, దారం నాలుగైదు మీటర్లకి మించి బయట ఉండదు. ఆ దెబ్బకి ఎంత గట్టి గార్డయినా వంగాల్సిందే. మనం గట్టు మీద నిలబడి పదిహేను, ఇరవై మీటర్ల దూరం విసురుతాం. చాలామంది చేతిలో ఉండేది మీడియం స్పిన్నింగ్ రాడ్, కొందరి రీల్లో ఇంకా తంగూసే. తంగూసు సాగుతుంది. మనం ఇక్కడ ఒళ్ళంతా ఊపి గుంజినా అక్కడ గాలానికి చేరేది అందులో కొంతే. ఆ కొంత కూడా గార్డుని వంచడానికే ఖర్చయిపోతే మొనకి ఏం మిగులుతుంది? పైగా కొర్రమీను నోరంతా ఎముక, పళ్ళు. పట్టిందంటే దవడ బిగిస్తుంది. జిగ్ ఆ బిగువులో ఇరుక్కుని, మనం గుంజినంతసేపూ వచ్చినట్టే వచ్చి, గట్టు దగ్గర నోరు తెరవగానే ఊడిపోతుంది. దాన్నే మనవాళ్ళు "సరిగ్గా మింగలేదు" అంటారు. మింగింది, గాలమే దిగలేదు.

నేను చేసే పరీక్ష చూసి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇప్పటికీ నవ్వుతాడు. పాత హవాయి చెప్పు ముక్కలు రెండు తీసుకుని, వాటి మధ్య జిగ్ పెట్టి, పైన ఇటుక పెడతాను. టెర్రస్ ఆ చివరికి పోయి, చెరువు దగ్గర నిలబడే దూరంలో నిలబడి, అదే రాడ్‌తో అదే దారంతో గుంజుతాను. తర్వాత పోయి చూస్తే చెప్పులో మొన దిగిన గుర్తు ఉండాలి. గీత మాత్రమే పడి ఉంటే గార్డు మీ సామానుకి ఎక్కువ గట్టిది, ఇంకో రెండు పోగులు తీయండి. ఎవరూ దగ్గర లేకుండా చూసుకోండి, ఊడి వచ్చే జిగ్ నేరుగా మొహం మీదకే వస్తుంది.

తుమ్మ కొమ్మల్లో గట్టి గార్డే కావాలి అన్నాను, మీ రాడ్ దాన్ని వంచలేకపోతే ఎలా? గార్డు మెత్తబరచకండి. రాడ్ మార్చే డబ్బులు లేకపోతే దూరం తగ్గించండి. కొమ్మకి నాలుగైదు మీటర్ల దాకా చప్పుడు చేయకుండా నడిచి వెళ్ళి, కింది నుంచి ఊపి దింపండి. తంగూసు తీసి బ్రెయిడ్ ఎక్కిస్తే చవకలో చాలా తేడా వస్తుంది. అదీ కాదంటే ఆ కొమ్మల్ని వదిలేసి పక్కన తుంగలో వేసుకోండి. మెత్తటి గార్డుతో తుమ్మలోకి దిగితే ప్రతి విసురుకీ టెన్షనే, పైగా ఒక్కో జిగ్ ఖరీదు తలుచుకుంటే ఏడుపొస్తుంది.

ఇంకోటి, ఎండ. మే నెలలో పెట్టెని కారు వెనక సీట్లో వదిలేస్తే లోపల గార్డులన్నీ ఎటు నొక్కుకుని ఉంటే అటే వంగి ఉండిపోతాయి. వంగిన గార్డు మొనని వదిలేసి పక్కకి చూస్తుంటుంది, గట్టిదైనా దండగే. బాగా వేడి నీళ్ళు స్టీలు గ్లాసులో పోసి గార్డు వరకే ముంచి, వేళ్ళతో తిన్నగా పట్టుకుని, చల్లనీళ్ళలో పెడితే మళ్ళీ నిలబడుతుంది.

గార్డు పూర్తిగా పోయిన జిగ్‌ని పారేయకండి. కన్నంలో మిగిలిన జిగురుని సన్నటి డ్రిల్ బిట్‌తో చేత్తోనే తిప్పి శుభ్రం చేయండి. విశాఖ వన్‌టౌన్‌లో వలల సామాను అమ్మే షాపుల్లో లావుపాటి తంగూసు దొరుకుతుంది, 0.6 మిల్లీమీటర్లది అడగండి. చుట్ట నుంచి తీసింది కాబట్టి ముక్కలు వంకరగా ఉంటాయి, ముందు వేడినీళ్ళలో తిన్నగా చేసుకోవాలి. పాతిక ముక్కలతో మొదలుపెట్టి ఎపాక్సీతో అతికించి, ఒక రాత్రి ఆరనిచ్చి, త్రాసు మీద నొక్కి చూసుకోండి. గడ్డి కోసే మెషీన్‌లో వాడే నైలాన్ తాడు మాత్రం పెట్టకండి. అది ఎక్కువగా రెండు మిల్లీమీటర్ల పైనే ఉంటుంది, నాలుగో ఘాతం లెక్క వేస్తే ఒక్కో ముక్క మామూలు పోగులు రెండు వందల యాభై కన్నా గట్టిది.