సూరత్, భివండీల నుంచి మావాళ్లను పెండ్లికి రప్పించుకున్నాం: నా అనుభవం

మా చెల్లె పెండ్లి కుదిరిన రోజు రాత్రి బాపు నోటుబుక్కు ముందరేసుకుని పిలవాల్సిన వాళ్ల పేర్లు నాతో రాయించాడు. హన్మకొండ, పరకాల, మంచిర్యాల, గోదావరిఖని, హైదరాబాద్ అన్నీ గబగబా అయిపోయాయి. సూరత్ దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. "రాయి బిడ్డా. రాయడమైతే రాయి. వాళ్లేడ వస్తరు" అన్నాడు.

మాది వరంగల్ కొత్తవాడ. బాపు జంపఖానాలు నేసేవాడు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, అప్పటికే మా వంశంలో మగ్గం మీద కూర్చునేది బాపు ఒక్కడే. పెద్దబాపు ఎప్పుడో ముంబై దగ్గరి భివండీ చేరాడు. పని తగ్గిన రోజుల్లో చిన్నాయన సూరత్ పోయాడు. మేనత్తను సోలాపూర్ ఇచ్చారు. మా వైపు నేత కుటుంబాల్లో ఈ మూడు ఊర్ల పేర్లు వినని ఇల్లుండదు.

నా పెండ్లికి చిన్నాయన ఒక్కడే వచ్చాడు. చిన్నమ్మ రాలేదు, పిల్లలు రాలేదు. తమ్ముడి గృహప్రవేశానికి ఎవరూ రాలేదు. వాళ్లకు మనసు లేక కాదు. సూరత్‌లో సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. వారం రోజులు ఊరికి వస్తే ఆ వారం కూలి పోతుంది. పైన ఇంటిల్లిపాదికి రైలు ఖర్చు, కట్నం చదివించాలి, కొత్త బట్టలు కొనాలి. ఇవన్నీ లెక్కేసుకుని చివరికి "ఒంట్లో బాగలేదు" అని ఫోన్ చేస్తారు. మనం కూడా నమ్మినట్టే ఉంటాం.

ఈసారి అట్లా కావద్దని చెల్లె పట్టుబట్టింది. ప్రీ వెడ్డింగ్ షూట్‌కు ముప్పై వేలు అనుకున్నాం. "నాకు ఆ ఫొటోలు వద్దక్కా, ఆ పైసలతోని చిన్నాయన వాళ్లను, పెద్దబాపు వాళ్లను పిలిపించు" అంది. పని నా మీద పడింది. ఎవరికైనా అక్కరకు వస్తుందని ఎట్లా చేశామో, ఎక్కడ తప్పు చేశామో రాస్తున్నాను.

మొదటి తప్పు ఫోన్‌లోనే చేశాను. చిన్నాయనకు ఫోన్ చేసి, "టికెట్ పైసలు మేం పంపిస్తాం, అందరూ రండి" అని నేరుగా అనేశాను. అవతల చప్పుడు లేదు. తర్వాత, "పైసలు పంపుడేంది బిడ్డా? మా అన్న బిడ్డ పెండ్లికి నేను రాలేనా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఇంకా బాధ పెట్టింది. ఏం చెప్పాలో తెలియక ఫోన్ అమ్మకిచ్చాను.

అమ్మ టికెట్ల మాటే ఎత్తలేదు. "మరిదీ, ఆడపిల్ల పెండ్లికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలె గదా. మీ అన్న మోకాళ్లతోని అంత దూరం రాలేడు. నేనొక్కదాన్ని రాలేను. మేం వచ్చి పిలిస్తే ఎంత ఖర్చయ్యేదో అంతే ఇది. మేం రానందుకు తప్పు కడుతున్నం అనుకో" అంది. చిన్నాయన నవ్వాడు. "సరే వదినా" అన్నాడు. ఆ తర్వాత పెద్దబాపుకూ, అత్తమ్మకూ అమ్మే మాట్లాడింది. ఇది మర్యాద కోసం అల్లిన మాట కాదు. ఇంటికి వెళ్లి పిలవడం మన బాధ్యత. వెళ్లలేకపోతే ఆ దారి ఖర్చు మన మీద బాకీ ఉన్నట్టే. అమ్మ చెప్పేదాకా నాకు ఇట్లా తట్టలేదు.

పైసలు చేతికి పంపకుండా టికెట్లే తీసి పంపాలన్నదీ అమ్మ మాటే. పైసలు పంపితే పిల్లల ఫీజుకో, ఇంటి కిరాయికో కరిగిపోతాయి. అప్పుడు వాళ్లు రాలేరు, మనకు ముఖం చూపించలేరు. టికెట్ అయితే రైలెక్కిస్తుంది.

పెండ్లి 2025 మే మూడో వారంలో. ఎండాకాలం సెలవులు, పైగా లగ్గాల సీజన్. రైలు రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవారు, 2024 నవంబర్ 1 నుంచి 60 రోజులకు తగ్గించారు. అందుకని మార్చి నెలలోనే క్యాలెండర్ మీద తేదీ చుట్టి పెట్టుకున్నాను. సూరత్ నుంచి వరంగల్‌కు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ నేరుగా వస్తుంది. భివండీ వాళ్లు కల్యాణ్ వచ్చి కోణార్క్ ఎక్కాలి. సోలాపూర్ కూడా అదే దారిలో ఉంది కాబట్టి అత్తమ్మ వాళ్లకూ అదే రైలు. సూరత్‌లో తొమ్మిది మంది, భివండీలో ఆరుగురు, సోలాపూర్‌లో ఇద్దరు, మొత్తం పదిహేడు టికెట్లు.

బుకింగ్‌కు ముందు అందరి ఆధార్ ఫొటోలు తెప్పించుకున్నాను. ఇది చాలా అవసరం. మనం ఇంట్లో పిలిచే పేరు ఒకటి, కార్డు మీద ఉండేది ఒకటి. చిన్నాయన పెద్ద కోడలిని ఇన్నేళ్లూ ఒక పేరుతో పిలుస్తున్నాను, కార్డు మీద పూర్తిగా వేరే పేరుంది. ఒక టికెట్‌లో ఆరుగురికి మించి పెట్టలేం కాబట్టి తొమ్మిది మందిని ఐదుగురు, నలుగురుగా విడదీశాను. విడదీసేటప్పుడు ప్రతి టికెట్‌లో హిందీ, మొబైల్ రెండూ వచ్చినవాళ్లు ఒకరు ఉండేలా చూశాను. ఆరేళ్ల మనుమరాలికి బెర్తు లేకుండా సగం టికెట్ తీయొచ్చు, కానీ అంత దూరం పాపను ఒళ్లో పెట్టుకుని రావడం కష్టమని పూర్తి టికెట్టే తీశాను. మీ చుట్టాలందరూ ఒకే ఊరి నుంచి ఒకే రైల్లో వస్తుంటే పెండ్లి బృందం పేరుతో స్టేషన్‌లో దరఖాస్తు పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. పేర్ల జాబితా, పెండ్లి కార్డు ఇవ్వాలి. మావాళ్లు మూడు చోట్ల నుంచి కాబట్టి మాకు అది కుదరలేదు.

ఉదయం ఎనిమిదికి తెరుస్తారు. నేను ఒక ఫోన్‌లో, మా ఆయన ఇంకో ఫోన్‌లో కూర్చున్నాం. వచ్చే టికెట్లన్నీ కన్ఫర్మ్ అయ్యాయి. అన్నీ కలిపి తొమ్మిది వేల చిల్లర.

ఆ టికెట్లను బాపు ప్రింట్ తీయించాడు. ఫోన్‌లో పంపితే చాలు కదా అంటే వినలేదు. పెండ్లి కార్డు నాలుగు మూలలా పసుపు రాశాడు. చిన్న కాగితంలో కుంకుమ మడిచాడు. టికెట్ కాగితం మీద ఒక్కొక్కరి పేరు ఎదురుగా బెర్తు నంబరు కింద ఎర్ర పెన్నుతో గీత గీశాడు, కింది బెర్తులు పెద్దవాళ్లకు అని పక్కన తెలుగులో రాశాడు. అన్నీ ఒకే కవర్లో పెట్టి కొరియర్ చేశాడు. ఆ కవరు అందిన రోజు చిన్నమ్మ వీడియో కాల్ చేసి కుంకుమ పెట్టుకున్న నుదురు చూపించింది.

ఇంత జాగ్రత్త పడి తిరుగు టికెట్ల దగ్గర దెబ్బతిన్నాను. పోయే తేదీకి అరవై రోజుల లెక్క మళ్లీ వేరే కదా. అది ఐదు రోజుల తర్వాత తెరుచుకుంది. ఆ రోజు చీరల కోసం తిరుగుతూ మర్చిపోయాను. రెండు రోజులు ఆలస్యంగా చూస్తే అన్నిట్లోనూ పెద్ద వెయిటింగ్ లిస్ట్. రెండు నెలలున్నాయి కదా, కదులుతుందిలే అని ఆ వెయిటింగ్ టికెట్లే తీశాను. కదలలేదు. ఆన్‌లైన్ టికెట్‌లో అందరూ వెయిటింగ్‌లోనే ఉంటే చార్ట్ తయారయ్యాక అది దానంతట అదే రద్దవుతుంది. డబ్బు వెనక్కి వస్తుంది, కానీ రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆలోగా తత్కాల్‌కు మళ్లీ చేతి డబ్బు పెట్టాలి. పెండ్లి అయిన మర్నాడు ఏ ఇంట్లో చేతిలో డబ్బుంటుంది? మేం వంటవాళ్లకు ఇవ్వాల్సిన దాంట్లోంచి సర్దాం. కాబట్టి తిరుగు టికెట్ తెరిచే తేదీని కూడా క్యాలెండర్ మీద చుట్టుకోండి. నేను చేసిన తప్పుల్లో బాగా ఖరీదైనది ఇదే.

తత్కాల్‌లో ఒక టికెట్‌కు నలుగురే. ఏసీకి ఉదయం పదికి, స్లీపర్‌కు పదకొండుకు తెరుస్తారు. సూరత్ వాళ్లలో నలుగురికి స్లీపర్ దొరికింది. మిగతా వాళ్లకు మర్నాడు థర్డ్ ఏసీలో తీయాల్సి వచ్చింది. భివండీ వాళ్లకు అదీ దొరకలేదు. కరీంనగర్ వైపు నుంచి భివండీకి ప్రైవేటు బస్సులు నడుస్తాయి కాబట్టి అందులో పంపాం. అక్కడ ఒక ట్రావెల్స్ వాళ్లు రెండు సీట్లు ఇంకెవరికో కూడా అమ్మారు. అరవై ఎనిమిదేళ్ల మా పెద్దబాపు రాత్రంతా డ్రైవర్ క్యాబిన్‌లో కూర్చుని పోయాడు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా సగం డబ్బే తిరిగిచ్చారు. డబ్బు సంగతి పోనీ. ఆయన్ను అట్లా పంపించానన్న బాధ నాకు ఇంకా పోలేదు. ఇంకో మాట, 2025 జూలై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. ఇప్పుడు చేసేవాళ్లు ఖాతాకు ఆధార్ ముందే జత చేసుకోవాలి.

వచ్చేటప్పుడు ఇంకొక చిక్కు వచ్చింది. చిన్నాయన పెద్ద కొడుక్కి సేటు సెలవు ఇవ్వలేదు. టికెట్ వృథా అనుకున్నాం. కన్ఫర్మ్ టికెట్‌ను తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లల పేరు మీదకు మార్చుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. రైలు బయలుదేరడానికి 24 గంటల ముందు రిజర్వేషన్ కౌంటర్‌లో అడగాలి. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు పట్టుకుని చిన్నాయన స్టేషన్‌కు పోయి ఆ టికెట్‌ను చిన్నకొడుకు పేరు మీదకు మార్పించాడు. బాపు పంపిన ఆ ప్రింట్ కాగితమే అక్కడ పనికొచ్చింది.

దగ్గరి ఊర్ల సంగతి సులువుగానే అయింది. మంచిర్యాల, గోదావరిఖని ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితమే. పెద్దపల్లిలో రిసెప్షన్‌కు పోవడానికి ఆర్టీసీ అద్దె బస్సు మార్చిలోనే మాట్లాడుకున్నాం. అది మంచిదైంది. మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు. ఆలస్యంగా తిరిగినవాళ్లు బస్సు కోసం చాలా అవస్థ పడ్డారు. మగపెండ్లివారి బస్సు కిరాయి ఎవరిదన్నది మాటముచ్చట రోజే కాగితం మీద రాసుకున్నాం. మాదే. అది ముందే తేలింది కాబట్టి తర్వాత ఎవరి నోటా మాట రాలేదు.

మాట వచ్చింది ఇంకోచోట. సూరత్ వాళ్లకు టికెట్లు తీశామని పిల్లల ద్వారా హైదరాబాద్ చుట్టాలకు తెలిసింది. "మేం పరాయోళ్లమా?" అన్నారు. నేను సర్దిచెప్పబోతుంటే బాపు అడ్డమొచ్చాడు. "మీరు ఆదివారం వచ్చి సోమవారం ఆఫీసుకు పోతరు. వాళ్లు వారం కూలి వదులుకుని వస్తున్నరు. నేనిచ్చేది అందులో సగం కూడా కాదు" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. బాపు లెక్క న్యాయమైనదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అందరికీ సమానంగా ఇద్దామనుకుంటే నిజంగా అవసరమున్నవాళ్లకు చాలదు. కానీ ఎవరికి ఇస్తున్నామో పిల్లల ముందు మాట్లాడకుండా ఉండాల్సింది.

పెండ్లి అయ్యాక ఒకరోజు అందరం పరకాల దగ్గర మా పాత ఊరికి పోయాం. బస్సులో కండక్టర్ ఆధార్ అడిగాడు. కోడళ్లవి గుజరాత్ కార్డులు, వాళ్లకు టికెట్ కొట్టాడు. చిన్నమ్మ ఇన్నేళ్లయినా కార్డు మార్చుకోలేదు, అందులో ఇంకా కొత్తవాడ ఇంటి నంబరే ఉంది. ఆమెకు జీరో టికెట్ ఇచ్చాడు. ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నన్ను ఇంకా ఇక్కడిదాన్నే అంటుంది చూడు" అంటూ మడిచి పర్సులో పెట్టుకుంది.

ఖర్చు మొత్తం లెక్కేస్తే వచ్చే టికెట్లకు తొమ్మిది వేల చిల్లర, తిరుగు ప్రయాణానికి దాదాపు పదిహేడు వేలు, ఆటోలు, దారి తిండి కలిపి ముప్పై వేలకు కొంచెం తక్కువ. తిరుగు టికెట్లు సమయానికి తీసి ఉంటే ఇరవై రెండు వేలలో అయ్యేది.

చివరగా పోయింది చిన్నాయన. అమ్మ చిన్నమ్మకు చీర పెట్టి బొట్టు పెట్టింది. బాపు తన చేత్తో నేసిన జంపఖానా ఒకటి చుట్ట చుట్టి ఇచ్చాడు. రైల్లో దాన్ని బెర్తు మీద పరుచుకున్న ఫొటో పంపారు. సూరత్ చేరాక ఫోన్ వస్తుందని ఎదురుచూస్తుంటే సాయంత్రం వచ్చింది. "దిగినం బిడ్డా" అన్నాడు. వెనక సాంచాల చప్పుడుకు ఆ తర్వాతి మాటలు వినపడలేదు. ఇంటికి పోకుండా స్టేషన్ నుంచి సీదా డ్యూటీకి పోయాడట.