డప్పుకు లగేజీ టికెట్

నల్లమలలోని మల్లెల తీర్థం జలపాతం గురించి రాద్దామనే కూర్చున్నాను. తీరా చూస్తే దాని గురించి చెప్పేది రెండు ముక్కలే. మెట్లు దిగేటప్పుడు బాగుంది, ఎక్కేటప్పుడు బాగాలేదు. జూలై మొదటి వారం కదా, జలపాతం మా ఫ్లాట్‌లో మున్సిపల్ నల్లా వచ్చినంతే వస్తోంది. మన్ననూరు నుంచి పోను రాను ఆటోకు 1800 అయింది. అసలు ప్రయాణం అంతకు ముందురోజు, అచ్చంపేట బస్సులో జరిగింది.

వస్తానన్న స్నేహితుడు పొద్దున్నే కడుపునొప్పి అన్నాడు. టెన్షన్ ఏం లేదు, ఒక్కణ్నే పోతానని హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో ఎక్కితే సీటు లేదు. డబ్బులిచ్చి టికెట్ కొన్న మగవాళ్లం నిలబడటం ఇప్పుడు మామూలే. అయినా 2023 డిసెంబర్ నుంచి మా అమ్మ నెలకు రెండుసార్లు నల్గొండకు ఉచితంగా పోయొస్తోంది కాబట్టి నాకు నోరెత్తే హక్కు లేదు.

చాంద్రాయణగుట్ట దగ్గర ఒక పెద్దాయన గోనెసంచితో ఎక్కాడు. సంచి నేలకు తగిలినప్పుడల్లా గణగణమంటోంది. కండక్టరమ్మ వెంటనే పట్టుకుంది.

"లగేజీ టికెట్ తీస్కోవాలె పెద్దయ్యా."

"లగేజీ కాదు బిడ్డా, డప్పులు."

"డప్పులైతే లగేజీ కాదా?"

"పెండ్లికి పోయేటప్పుడు ఎవరడుగుతరు? మొన్న డ్రైవర్ సారే ముందల పెట్టుకోమన్నడు."

బస్సంతా ఇందులో తలదూర్చింది. సంచిలో ఉన్నవి డప్పులు కావు, ఉత్త ఇనుప రింగులని ఒకాయన తేల్చాడు. రింగులైతే ఇనుప సామాను లెక్కేనని ఇంకొకాయన. వెనక సీట్లోంచి ఒక పోరడు, "తాతా, ఒక దెబ్బ గొట్టు, టికెట్ మాఫ్" అన్నాడు. సంచిలో తయారైన డప్పు ఒకటి ఉంది. పెద్దాయన దాని మీద చెయ్యి కూడా పెట్టలేదు. "ఉత్తగ కొట్టద్దురా. డప్పు మోగిందంటే ఎవరింట్ల ఏమైందో అనుకుంటరు" అన్నాడు. చివరికి లగేజీ టికెట్ కొట్టించుకున్నాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, సొంత టికెట్‌కంటే భద్రంగా జేబులో దాచుకున్నాడు.

కడ్తాల్‌లో ఇద్దరికీ పక్కపక్కన సీటు దొరికింది. సంచి కాళ్ల మధ్య ఇరుక్కుపోయింది కాబట్టి లోపల ఏముందో చూడక తప్పలేదు. ఎనిమిది రింగులు, చుట్టచుట్టిన ఫైబర్ షీట్లు, నట్లు బోల్టుల డబ్బా, ఒక పానా. డప్పులు చేసే మనిషి దగ్గర తోలు వాసన వస్తుందనుకున్నాను. ఈయన దగ్గర గ్రీజు వాసన వస్తోంది.

"తోలు ఏది కాకా?"

"తోలు ఇంటికాడుంది. గిది పోరగాండ్లకు. ఫైబరైతే వాన పడ్డా మోగుతది, మంటకు కాపుడు లేదు. బోల్టు బిగిస్తే అయిపాయె."

పీర్ల పండుగ, అదే మొహర్రం, ఇక మూడు రోజులే. పక్క ఊరివాళ్లు ఎనిమిది డప్పులు చెప్పారట. గుండం చుట్టూ అలాయి ఆడే పిల్లలకు అయిదు ఫైబర్‌వి. ఊరేగించే పీరీల ముందు కొట్టడానికి మూడు తోలువి, అవి తోలువే కావాలని పెద్దమనుషులు పట్టుబట్టారు. పాలమూరు పల్లెల్లో డప్పు లేకుండా పీరీ లేవదు. అలావా గుండం మంటకే డప్పులు కాచుకుంటారని నేను చిన్నప్పుడు మా ఊళ్లోనూ చూశాను. మాది నల్గొండ పక్క. మా దగ్గర రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో భేరీల మోత చెవులు పగలగొడుతుంది. ఆ మాటంటే పెద్దాయన, "అవి గొల్లోళ్ల భేరీలు, పెద్దయి. మాది చేతి మీద ఆడేది" అని తేల్చేశాడు.

వెల్దండ దాటాక లెక్కలు మొదలయ్యాయి. మాఘం నుంచి వైశాఖం దాకా పెండ్లిళ్లు, తర్వాత పీర్లు, బోనాలు, వినాయకుడు. మధ్యలో చావులు, "వాటికి సీజన్ లేదు సారు". నడుమ డీజే పెట్టెలొచ్చి పెండ్లిళ్లు పోయాయి. 2024లో హైదరాబాద్‌లో మతపరమైన ఊరేగింపులకు డీజే బంద్ చేశారు కదా అన్నాను. "పట్నంల బందైతే పెట్టెలన్నీ మా ఊర్లకొచ్చినయ్" అని నవ్వాడు. ఎస్సీ వర్గీకరణ కోసం మంద కృష్ణ మాదిగ లక్ష డప్పులు, వేల గొంతులని పిలుపునిచ్చినప్పుడు మాత్రం రాత్రీపగలూ పనేనట. "గప్పుడు ముప్పై ఏసిన. మా ఇంటామెకు భుజం పడిపాయె."

భుజం ఆమెకెందుకు పడిపోయిందో నాకు అర్థం కాలేదు. డిండి ప్రాజెక్టు పక్కనుంచి పోతుంటే, తోలు డప్పు చేసేది చూడొచ్చా అని అడిగాను. "సూడనీకేముంది, తోలు పని" అన్నాడు. హాజీపూర్ చౌరస్తాలో చాయ్ తాగాం. చిన్న గ్లాసు, 15 రూపాయలు, అందులో సగం నురగ.

అచ్చంపేట నుంచి వాళ్ల ఊరు ఆటోలో కాసేపే. ఇంటి ముందు వేపచెట్టు. దాని కింద తొట్టిలో సున్నపు నీళ్లలో మేకతోళ్లు నానుతున్నాయి. ఆ వాసనకు నా ముఖం మారినట్టుంది, ఇంటామె కుర్చీని గాలి వచ్చే వైపు జరిపింది.

పెద్దాయన ఒక తోలు తీసి, రంపితో వెంట్రుకలు గీకి, రెండు చేతులతో ఎండకు పట్టాడు. పలచని తోలు వెనక సూర్యుడు పసుపు పచ్చగా కనబడ్డాడు. ఆయన చూసేది సూర్యుణ్ని కాదు, కత్తి గాటును. మటన్ కొట్టువాడు తొందరలో ఒలిచినప్పుడు సూదంత గాటు పడినా, లాగి బిగించాక అక్కడే చిరుగుతుందట. నాలుగింటిలో రెండు పక్కన పడేశాడు. "ఎనుకట తోలుకు మస్తు రేటుండె. ఇప్పుడు కొనేటోడు లేక పారేస్తుండ్రు. ఉత్తగ వస్తది గని పనికొచ్చేది రాదు."

ఇంటామె అప్పటికే రోట్లో చింతగింజలు నూరుతోంది. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, నూరి, ఉడికించాలి. అది బంకలా సాగితేనే తోలు రింగును పట్టుకుంటుంది. భుజం సంగతి అప్పుడు తెలిసింది. బంక పూశాక తడితోలును రింగు మీద పరిచి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఈయన పాదం అడ్డంపెట్టి ఇటు లాగితే ఆమె అటు లాగింది. తాడు చుట్టి, తాట్లో పుల్లలు దూర్చి ఒక్కో మెలి తిప్పుతుంటే తోలు ముడతలు ఒక్కొక్కటే పోయాయి. మాటల్లేవు. ఆయన గడ్డం ఎత్తితే ఆమె ఇంకో మెలి తిప్పుతోంది.

ఆరబెట్టిన పాత డప్పు ఒకటి తిప్పి చూశాను. మా నాన్న హార్మోనియం మూత మీద కంపెనీ పేరు ఇత్తడి రేకులో ఉండేది. దానిమీద చెయ్యేస్తే తిట్టేవాడు.

"దీనిమీద మీ పేరు రాయరా?"

ఆమె అందుకుంది. "ఇరవై ఏండ్ల సంది గింజలు నూరుతున్న. నా పేరే లేదు."

"నా పేరుంటే గద, నీ పేరుండనీకి" అన్నాడాయన.

2022లో పద్మశ్రీ అందుకున్న పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగులయ్యది ఈ పక్కనే, లింగాల మండలం అవుసలికుంట. ఆ మాట ఎత్తాను. సంతోషంగానే తలూపాడు. "గాయన వాయిస్తడు, పాడుతడు. కళాకారుడు. నేను కొట్టనీకి రాని మనిషిని." నిజంగానే ఆయనకు డప్పు కొట్టడం రాదట! దరువు పట్టదట. రెండు దెబ్బలు వేసి గొంతు చూస్తాడు, అంతే. వాయించేవాళ్లకు పక్క రాష్ట్రంలో పింఛను ఉంది. ఇక్కడ వచ్చినా అది వాయించేవాళ్లకే. చేసే మనిషి ఏ కాగితంలో ఉంటాడు? మనవడు హైదరాబాద్‌లో బండి మీద అన్నం పార్సిళ్లు పంచుతున్నాడు. వాడికి దరువు వచ్చు, తోలు ముట్టడు.

ముట్టడం అంటే మా నానమ్మ గుర్తొచ్చింది. చాటింపు వేసే ఆయన మా అరుగు కింద డప్పు ఆనించి పెడితే, నేను పోయి వేళ్లతో కొట్టాను. ఆరేళ్లుంటాయేమో. నానమ్మ నన్ను రెక్కపట్టి బావి దగ్గరికి తీసుకుపోయి రెండు చేదల నీళ్లు గుమ్మరించింది. ఆయన చూస్తూనే ఉన్నాడు. తర్వాత దోసిలి పడితే ఆయనకూ అదే చేదతో పైనుంచి నీళ్లు పోసింది. ఆ ఇంట్లోనే హార్మోనియంకు దసరా రోజు బొట్టు పెట్టేవాళ్లం.

ఇది వేపచెట్టు కింద చెప్పలేదు. చెప్పే ధైర్యం లేక ఒక డప్పు కొంటానన్నాను. 2500 అన్నాడు. నోరు ఊరుకోదు కదా, 1800 అన్నాను. ఆయన బేరం చేయలేదు. "మీ ఇష్టం సారు" అని రింగుకు అంటిన బంక గోటితో గీకుతూ కూర్చున్నాడు. ఆమె మాత్రం నా చెప్పుల వైపు చూసింది. 2200 దగ్గర ఆగాను. మరుసటి రోజు ఆటోవాడికి 1800 నోరెత్తకుండా ఇచ్చినప్పుడు గానీ సిగ్గేయలేదు.

తిరుగు బస్సులో నా డప్పుకు ఎవరూ లగేజీ టికెట్ అడగలేదు. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు ఉంది మరి.

ఇంటికొచ్చాక రెండు రోజులు వాన. డప్పు తడిసిన అట్టలా 'దబ్' అంటోంది తప్ప మోగడం లేదు. ఫోన్ చేస్తే, "మంట సూపెట్టు సారు, మంటల పెట్టకు" అన్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకు గ్యాస్ పొయ్యి మీద జానెడెత్తున తిప్పుతూ కూర్చున్నాను. కాసేపటికి ఇల్లంతా మేక వాసన. మా ఆవిడ కిటికీలన్నీ తెరిచింది. డప్పు కొట్టే సిర్ర, చిటికెన పుల్ల పట్టి నాకు తోచిన రెండు దెబ్బలు వేశాను. కింది ఫ్లాట్ వాళ్లు వెంటనే వాచ్‌మన్‌ను పంపారు.

వాచ్‌మన్ కల్వకుర్తి పక్కవాడు. చప్పుడు బంద్ చేయమని చెప్పడానికి వచ్చినవాడు గుమ్మంలో చెప్పులు విడిచి, డప్పు తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాడు.

"ఇంక కాగలే సార్. ఇటియ్యండి" అంటూ పొయ్యి దగ్గరికి నడిచాడు.