బాబాయి పాల లెక్కలు ఫైర్‌స్టోర్‌లో సర్దిన వైనం

మా బాబాయి 60 ఇళ్లకు వాడిక పాలు పోస్తాడు. ఆయన లెక్కల కోసం చిన్న యాప్ చేసిచ్చాను. తర్వాత ఇంకో నలుగురు పాలవాళ్లు కూడా వాడటం మొదలుపెట్టారు. డేటా ఫైర్‌స్టోర్‌లో (గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ డేటాబేస్) పెట్టాను. అందులో డేటాను డాక్యుమెంట్లుగా, అంటే విడివిడి రికార్డులుగా దాచుకోవాలి. ఒక్కో పాలాయనకు ఒక డాక్యుమెంట్, దానికి పేరు ఆయన ఫోన్ నంబరు, లెక్కలన్నీ అందులోనే.

మూడో నెల చివర్లో బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, రాసినవి కనిపించినట్టే కనిపించి మాయమైపోతున్నాయిరా."

చాలా టెన్షన్ పడ్డాను. నెలంతా పోసిన పాల డబ్బులు ఆ లెక్కల మీదే వసూలవ్వాలి. రెండు పూటలూ కలిపి నెలకు 3,600 ఎంట్రీలు. ఒక్కోటి వంద బైట్లనుకున్నా నెలకు 3,60,000 బైట్లు. ఫైర్‌స్టోర్‌లో ఒక డాక్యుమెంట్ 10,48,576 బైట్లు దాటకూడదు. మూడో నెల చివరికి బాబాయి లెక్కలు అది దాటేశాయి. ఫోన్ ముందు తన దగ్గర రాసుకుని చూపిస్తుంది, సర్వర్ ఒప్పుకోకపోతే వెనక్కి తీసేస్తుంది. మాయమవడానికి కారణం అదే. అప్పటికి నోటుబుక్కులో రాసుకోమని చెప్పాను.

ప్రతి ఎంట్రీకీ ఒక డాక్యుమెంట్ పెడదామా అనుకున్నాను. కానీ ఒక డాక్యుమెంట్ చదివితే ఒక రీడ్ కింద లెక్క, నెల బిల్లు తెరిచిన ప్రతిసారీ 3,600 రీడ్‌లు. ఉచితంగా వచ్చేవి రోజుకు 50,000. అందరికీ కలిపి పద్నాలుగు సార్లు తెరిస్తే అయిపోతాయి. చివరికి ఒక్కో పాలాయన డాక్యుమెంట్ కింద సబ్‌కలెక్షన్ (లోపలి డాక్యుమెంట్ల గుంపు) పెట్టి, రోజుకో డాక్యుమెంట్ చేశాను. అందులో ఆ రోజు ఎవరికి ఎన్ని లీటర్లు, ఎవరు నాగా పెట్టారు అన్నీ ఉంటాయి. నెల బిల్లుకు ముప్పై రీడ్‌లు చాలు. నాకు బాగా నచ్చిన మార్పు ఇదే.

ఫోన్ నంబరును పేరుగా పెట్టడం కూడా మానేశాను. ఒకాయన సిమ్ మార్చగానే ఆయన లెక్కలు ఆయనకే కనిపించకుండా పోయాయి. ఇప్పుడు లాగిన్ ఒక్కొక్కరికీ ఇచ్చే యూఐడీయే (గుర్తింపు కోడ్) డాక్యుమెంట్ పేరు, నంబరు లోపల ఒక ఫీల్డ్ మాత్రమే. పాత సిమ్ తీసేయకముందే యాప్‌లో నంబరు మార్చుకుంటే యూఐడీ అదే ఉంటుంది. ఈ మాట అందరికీ ఫోన్ చేసి చెప్పాను.

ఎవరి లెక్క వాళ్లకే కనపడాలని రూల్ రాశాను. అయినా బాబాయికే పర్మిషన్ లేదని వచ్చింది. పైడాక్యుమెంట్‌కు, అంటే పాలాయన పేరున ఉన్నదానికి, రాసిన రూల్ సబ్‌కలెక్షన్‌కు దానంతటది వర్తించదు, దానికి విడిగా రాయాలి.

ఈమధ్య ఒకాయన పాల వ్యాపారం మానేసి, తన డేటా తీసేయమన్నారు. పైడాక్యుమెంట్ తీసేసినా కింద రోజుల లెక్కలు అలాగే ఉండిపోయాయి. ముందు వాటిని ఒక్కొక్కటిగా తీసేసి, ఆ తర్వాత పైదాన్ని తీసేలా కోడ్ రాశాను. అంతా పోయిందని చూసుకున్నాకే ఆయనకు ఫోన్ చేశాను.